గటక, నల్ల, జున్ను, పుడ్డింగు: నోటికి తగిలే తీరు వెనుక ఉన్న చరిత్ర

తిండిని కాదనేటప్పుడు మనుషులు రుచిని తప్పుపట్టడం కంటే అది నోటికి తగిలే తీరును తప్పుపట్టడమే ఎక్కువ. ఉప్పు తగ్గినా, కారం పెరిగినా సర్దుకుని తినేవారు సైతం బెండకాయ కూరలో జిగురు తీగలా సాగితే ముద్దను పక్కన పెడతారు. అందుకే మహబూబ్‌నగర్ వైపు ఇళ్లలో బెండకాయను కడిగి, తుడిచి, ఆరబెట్టి, ఆ తర్వాతే కోస్తారు. పులుసు పెడితే చింతపండు గట్టిగా పోస్తారు, ఎందుకంటే పులుపు ఆ జిగురును తగ్గిస్తుంది. అదే ఇంట్లో ఎండాకాలం రాగానే సబ్జా గింజలను నానబెట్టి, ఒక్కో గింజ చుట్టూ ఉబ్బిన జారుడు పొరతో సహా షర్బత్‌లో వేసుకుని ఇష్టంగా తాగుతారు. బెండకాయలోని జిగురూ, సబ్జా గింజ మీది పొరా రసాయనికంగా ఒకే కుటుంబానికి చెందినవి. రెండూ నీటిని పట్టి ఉంచే పొడవైన చక్కెర గొలుసులే. చల్లగా, తీయగా ఉన్నప్పుడు ఒప్పుకున్న జారుడును వేడిగా, ఉప్పగా ఉన్నప్పుడు మన నోరు ఒప్పుకోదు. పశ్చిమ ఆఫ్రికాలో ఇందుకు పూర్తిగా భిన్నమైన అలవాటు ఉంది. అక్కడ బెండకాయ పులుసు ఎంత సాగితే అంత బాగా వండినట్టు లెక్క, ఎందుకంటే కర్రపెండలంతోనో చిరుధాన్యాల పిండితోనో చేసిన గట్టి ముద్ద గొంతులోకి సులభంగా దిగడానికి ఆ జారుడే సాయపడుతుంది.

ఈ విషయాన్ని శాస్త్రంగా మొదట క్రమబద్ధం చేసినవారిలో అలీనా షెస్నియాక్ ముఖ్యులు. అమెరికాలోని జనరల్ ఫుడ్స్ సంస్థలో పనిచేస్తూ 1963లో ఆమె ఆహారం నోటికి తగిలే తీరును గట్టిదనం, అతుకుదనం, చిక్కదనం, సాగుడు, అంటుకునే గుణం వంటి కొలవదగిన లక్షణాలుగా విడదీశారు. ఆ తర్వాత వినియోగదారులతో చేసిన పరిశీలనల్లో ఆమె గుర్తించిన సంగతి ఇంకా విలువైనది. తినే వస్తువు అనుకున్న తీరుగానే ఉంటే మనిషి దాని స్పర్శను పట్టించుకోడు. అనుకున్నదానికి భిన్నంగా ఉన్నప్పుడే అది అతనికి మొట్టమొదట కనిపించే దోషమవుతుంది. కరకరలాడవలసినది మెత్తబడితేనో, మెత్తగా ఉండవలసినది పలుకుగా తగిలితేనో వచ్చే అసహ్యం నాలుక మీద పుట్టేది కాదు, పెంపకంలో పుట్టేది.

పెంపకం అంటే ఏ ఇంటి అలవాటు ఆ ఇంటిదని అర్థం కాదు. ఒక ఊరి పంట, పశువు, పొయ్యి, నీరు, కూలి, పండుగ అన్నీ కలిసి ఒక స్పర్శను మామూలుదిగా చేస్తాయి. ఆ బతుకు మారినప్పుడు, నిన్నటిదాకా రోజూ తిన్న వస్తువే పిల్లలకు వింతగా తోస్తుంది. ఇంగ్లండులో పాతకాలపు పుడ్డింగులకు జరిగింది ఇదే, దక్షిణ తెలంగాణలో ధాన్యపు రవ్వతో వండే గటకకూ, పిండితో పలుచగా కాచే అంబలికీ జరిగిందీ ఇదే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, విడివిడిగా చూసినప్పుడు అందని విషయాలు కొన్ని తేటపడతాయి.

ఇవాళ పుడ్డింగు అనగానే గిన్నెలో వణికే తీపి వంటకం కళ్ల ముందుకు వస్తుంది. మధ్యయుగాల ఇంగ్లండులో పుడ్డింగు అంటే గొర్రె లేదా పంది పేగులో, పొట్టసంచిలో కూరి ఉడికించిన పదార్థం. రక్తం, కొవ్వు, ధాన్యం, మసాలా కలిపి పేగులో నింపితే నల్ల పుడ్డింగు. రక్తం లేకుండా ధాన్యం, కొవ్వు, పాలతో చేస్తే తెల్ల పుడ్డింగు. స్కాట్లండు వారి హాగిస్ ఇప్పటికీ ఆ కుటుంబంలోదే: గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులను తరిగి, ఓట్స్‌తో కలిపి పొట్టసంచిలో కట్టి ఉడికిస్తారు. ఈ వంట ఎంత పాతదంటే, ప్రాచీన గ్రీకు ఇతిహాసం ఒడిస్సీలో, నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లే కథానాయకుణ్ణి, కొవ్వూ రక్తమూ నింపి నిప్పుల మీద తిప్పుతున్న పొట్టసంచితో పోల్చారు. పశువును కోసిన రోజున ముందుగా చెడిపోయేవి రక్తమూ లోపలి భాగాలే కాబట్టి, వాటిని అదే రోజు వండి నిలబెట్టుకోవడం పశువులు పెంచే ప్రతి సమాజానికీ అవసరమైంది.

మన దగ్గర ఆ అవసరానికి వచ్చిన జవాబు నల్ల. నల్గొండ, పాలమూరు పల్లెల్లో పండుగకో, దేవర మొక్కుకో మేకనో గొర్రెనో కోసినప్పుడు రక్తాన్ని గిన్నెలోకి పట్టి, గడ్డకట్టిన తర్వాత ఉడికించి, ముక్కలుగా కోసి, ఉల్లిగడ్డ, కారం, అల్లం వేసి వేయిస్తారు. పేగులూ పొట్టా బోటీ కూరగా వేరే వండుతారు. ఇంగ్లండులో ఈ రెండూ ఒకే పదార్థమయ్యాయి, పేగు రక్తానికి సంచి అయింది. ఇక్కడ రెండూ రెండు కూరలయ్యాయి. ఫలితంగా వచ్చే స్పర్శ మాత్రం దగ్గరిదే. రక్తంలో బరువు ప్రకారం ఆరో వంతుకు పైగా మాంసకృత్తులు ఉంటాయి, అవి దాదాపు 75 డిగ్రీల వేడికి ఒకదానికొకటి ముడిపడి నీటిని వలలా బంధిస్తాయి. అందుకే నల్ల ముక్క కాలేయమంత పొడిగా ఉండదు, గుడ్డులా సాగదు, నొక్కితే విరిగే మెత్తని గట్టిదనంతో ఉంటుంది. దీన్ని తినే కులాలనూ, ఇళ్లనూ తక్కువగా చూసిన చరిత్ర మనకు ఉంది. అదే పదార్థాన్ని ఇంగ్లండులోనూ, ఐర్లండులోనూ హోటళ్లు ఉదయపు పళ్లెంలో గర్వంగా వడ్డిస్తాయని తెలిసినప్పుడు, స్పర్శ మీద పెట్టుకున్న అసహ్యంలో ఎంత భాగం మనుషుల మీద పెట్టుకున్నదో ఆలోచించవలసి వస్తుంది.

పుడ్డింగు చరిత్రలో పెద్ద మలుపు ఒక గుడ్డముక్కతో వచ్చింది. పదిహేడో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో పిండినీ కొవ్వునూ కలిపి, పిండి చల్లిన గుడ్డలో మూటకట్టి, మరుగుతున్న నీళ్లలో గంటల తరబడి ఉడికించడం వాడుకలోకి వచ్చింది. అంతవరకు పశువును కోసిన రోజుకే పరిమితమైన పుడ్డింగు దీనితో ఏ రోజైనా, ఏ ఇంట్లోనైనా చేసుకోగలిగినదైంది. పొయ్యి మీద వేలాడే ఒకే కుండలో మాంసం, కూరగాయలు, పుడ్డింగు మూట కలిసి ఉడికేవి. ప్రత్యేకంగా కుంపటి అక్కరలేదు, ఇంకో పాత్ర అక్కరలేదు. పశువు మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు ఇందులో చేసే పని గమనించదగ్గది. అది వెన్నలా తొందరగా కరగదు, 45 డిగ్రీలు దాటాక గానీ కరగడం మొదలుపెట్టదు. ఆలోగా చుట్టూ ఉన్న పిండి గట్టిపడటం ఆరంభిస్తుంది, తర్వాత కొవ్వు కరిగినచోట చిన్న చిన్న ఖాళీలు మిగులుతాయి. ఎంతో బరువుగా ఉండవలసిన ముద్ద గుల్లగా రావడానికి కారణం అదే. కూలివాడి కడుపు నింపడానికి పుట్టిన ఆ వంటకం, కరీబియన్ దీవుల్లో బానిసల శ్రమతో పండిన చక్కెర చౌకై, 1874లో బ్రిటన్ చక్కెర మీద పన్నును పూర్తిగా ఎత్తివేసేనాటికి, భోజనం చివర వచ్చే తీపిగా స్థిరపడిపోయింది.

మాంసమూ తీపీ విడిపోవడం ఇంత ఆలస్యంగా జరిగిందని చెప్పడానికి ఇంకో పాత వంటకం సాక్ష్యం. యూరప్ రాజాస్థానాల్లో బ్లామాంజ్ అనే తెల్లని వంటకం గొప్ప పేరు పొందింది. బియ్యం, బాదం పాలు, చక్కెరలతో పాటు నూలుపోగుల్లా చీల్చిన కోడి రొమ్ము మాంసాన్ని అందులో వేసి, మాంసం ఎక్కడ ఉందో తెలియనంతగా ఉడికించేవారు. తరువాతి శతాబ్దాల్లో కోడి పోయి, జెలటిన్‌తో గట్టిపడే పాల తీపి మిగిలింది. టర్కీలో మాత్రం కోడి మాంసపు పోగులతో చేసే పాల పుడ్డింగు, తవుక్ గోసు, ఇప్పటికీ మిఠాయి దుకాణాల్లో దొరుకుతుంది. ఇది వినగానే ముఖం చిట్లించే పాఠకులు ఎవరైనా ఉంటే, రంజాన్ నెలలో నల్గొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో సాయంత్రం పూట హలీం బట్టీల దగ్గర నిలబడే జనాన్ని గుర్తు చేసుకోవాలి. గోధుమ, మాంసం కలిపి గంటల తరబడి ఉడికించి, చెక్క గూటాలతో మెదిపి, మాంసపు పోగులు ధాన్యపు జిగురులో కలిసి తీగసాగేదాకా తెచ్చే ఆ పద్ధతి, పదో శతాబ్దపు బాగ్దాద్ వంటల పుస్తకంలో కనిపించే హరీసా నుంచి వచ్చింది. నిజాం సైన్యంలో చేరిన యెమెన్ అరబ్బులతో హైదరాబాదుకు చేరి, ఇక్కడి మసాలా దినుసులతో మారి, 2010లో భౌగోళిక గుర్తింపు పొందింది. బ్లామాంజ్‌లో తీపి చేరితే హలీంలో ఉప్పూ కారమూ చేరాయి. ధాన్యంలో మాంసం కరిగిపోయే స్పర్శ మాత్రం రెంటికీ ఉమ్మడిది.

ఇక ఈ వ్యాసానికి గుండెకాయ వంటి విషయానికి, అంటే ధాన్యపు ముద్దలకు రావాలి. ఇంగ్లండు పేదల ఇళ్లలో మరుగుతున్న నీళ్లలోనో పాలలోనో పిండి పోస్తూ తెడ్డుతో కలిపి చేసే పుడ్డింగు ఒకటి ఉండేది. అట్లాంటిక్ దాటి వెళ్లినవారు అమెరికాలో అదే పద్ధతిని మొక్కజొన్న పిండికి వర్తింపజేశారు. ఇటలీ ఉత్తర ప్రాంతాల పొలెంటా కూడా ఇదే. మన జొన్న గటక, మక్క గటక, తైదల (రాగుల) అంబలి, కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ వైపు రాగి సంకటి ఇవన్నీ ఆ వంశంలోనివే. పేదవాడి పొయ్యి దగ్గర, తక్కువ కట్టెలతో, తక్కువ పాత్రలతో, పిల్లా పెద్దా అందరికీ ఒకేసారి కడుపు నిండేలా చేయగల వంట ప్రపంచమంతటా ఒకే రూపం తీసుకుంది.

అయితే జొన్నకు తనదైన స్వభావం ఉంది. ధాన్యంలోని పిండిపదార్థం సన్నని రేణువులుగా ఉంటుంది. నీటిలో వేడి చేస్తే ఒక స్థాయి దాటాక ఆ రేణువులు నీటిని పీల్చి ఉబ్బి, పగిలి, జిగురుగా మారతాయి. జొన్న విషయంలో ఇది జరగడానికి దాదాపు 70 డిగ్రీల వేడి కావాలి. గోధుమలోలా సాగే గ్లూటెన్ అనే మాంసకృత్తు జొన్నలో లేదు కాబట్టి, జొన్న పిండిని చల్లని నీళ్లతో కలిపితే రొట్టె చేయబోగానే అంచులు పగులుతాయి. ఉడుకు నీళ్లు పోసి కలిపినప్పుడు పైపై రేణువులు కొన్ని జిగురెక్కి మిగతా పిండిని పట్టి ఉంచుతాయి. పీట మీద చేత్తో తట్టి, పెంక మీద కాల్చే జొన్నరొట్టె నిలబడేది ఈ కొద్దిపాటి జిగురు మీదనే. ఈ రహస్యం పాలమూరు ఆడవాళ్లకు ఏ ప్రయోగశాలా చెప్పలేదు. నీళ్లు ఎంత మసలాలో వాళ్ల చేతులకు తెలుసు.

గటకలో ఇంకో సూక్ష్మం ఉంది. దానికి మెత్తని పిండి పనికిరాదు, జొన్నలను రవ్వగా పగలగొట్టాలి. రవ్వ ఉడికినప్పుడు ప్రతి పలుకూ అంచుల్లో జిగురెక్కి పక్క పలుకును పట్టుకుంటుంది గానీ, నడుమ కొంత గట్టిదనం మిగుల్చుకుంటుంది. సల్ల పోసుకుని, పచ్చిమిరపకాయో ఉల్లిగడ్డో కొరుక్కుంటూ తినే గటకలో మెత్తదనమూ పలుకుదనమూ కలిసి తగిలేది అందువల్ల. అంబలి ఇందుకు పూర్తిగా వేరు. సన్నని పిండిని పలుచగా కాచి, రాత్రంతా పులియబెట్టడం వల్ల అది నోట్లో జారిపోతుంది, కొద్దిగా పుల్లబడుతుంది. పులియబెట్టడంలో రుచికి మించిన లాభం ఉంది: జొన్నను నీళ్లలో ఉడికించినప్పుడు దానిలోని మాంసకృత్తులు ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడి అరగడం కష్టమవుతుంది, పులియబెట్టడం ఆ ఇబ్బందిని కొంత తగ్గిస్తుంది. ఎండలో పనిచేసే మనిషికి నీరు, ఉప్పు, తేలికగా అరిగే బలం మూడూ ఒకే ముంతలో అందించిన ఆ తెలివికి ఇవ్వవలసిన గౌరవం ఇంకా ఇవ్వలేదని నా అభిప్రాయం.

ఈ స్పర్శలు మన నోటికి దూరమైన తీరును తేదీలతో చెప్పవచ్చు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు వరి మాగాణులుగా మారాయి, వాటి వెంట రైసు మిల్లులు వెలిశాయి. కాలువ అందని మెట్ట ప్రాంతాలకు 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ప్రవేశపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం చేరింది. అంతకు ముందు బియ్యపన్నం పండుగ తిండిగా ఉన్న ఇళ్లకు అది రోజూ అందడం సామాన్యమైన విషయం కాదు. ఆకలి ఎరిగినవారెవరూ దాన్ని తప్పుపట్టలేరు, నేనూ పట్టను. కానీ అన్నం మెతుకు మెతుకుగా విడిపోయే స్పర్శ గొప్పదనానికి గుర్తు కావడంతో, గటక అతుకుదనం పేదరికానికి గుర్తయింది. ఇసుర్రాయి మూలకు చేరి గిర్ని వచ్చాక పని తేలికైంది, ఆడవాళ్ల రెక్కల నొప్పి తగ్గింది. దాంతోపాటు పలుకు ఎంత ఉండాలో ఇంట్లో నిర్ణయించుకునే వీలూ తగ్గింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తర్వాత పట్టణాల్లో జొన్నకూ తైదలకూ మళ్లీ గిరాకీ వచ్చింది. అయితే అక్కడ అమ్ముడుపోయేది ఎక్కువగా బిస్కెట్లు, అటుకులు, సేమియా రూపంలో, అంటే పట్టణం నోటికి ఇప్పటికే అలవాటైన స్పర్శల్లో. ధాన్యం తిరిగి వచ్చింది గానీ దాని స్పర్శ ఇంకా రాలేదు.

ధాన్యపు జిగురుకు సంబంధించిన ఇంకో సంగతి నిలువ తిండ్లలో కనిపిస్తుంది. రొట్టె ఆరిపోవడం వల్లనే గట్టిపడుతుందని చాలాకాలం నమ్మారు. 1852లో ఫ్రెంచి శాస్త్రవేత్త బుస్సింగో, తేమ ఏమాత్రం పోకుండా మూసి ఉంచినా రొట్టె గట్టిపడుతుందని, మళ్లీ వేడిచేస్తే మెత్తబడుతుందని చూపించాడు. ఉడికినప్పుడు చెదిరిన పిండిపదార్థపు గొలుసులు చల్లారాక మళ్లీ వరుసగా సర్దుకోవడమే అసలు కారణం. మిగిలిన రొట్టెను పారవేయలేని ఇళ్లు ప్రపంచమంతటా దీన్ని వాడుకున్నాయి. గట్టిపడిన రొట్టె పాలను పీల్చుకుంటుంది గానీ పిండిముద్దగా కరిగిపోదు; ఇంగ్లండు వారి బ్రెడ్ పుడ్డింగూ, మన పెళ్లిళ్లలో వడ్డించే డబుల్ కా మీఠా రెండూ ఈ గుణం మీదే నిలబడ్డాయి. సద్దుల బతుకమ్మకు చేసే మలీద ముద్దలు కూడా ఇలాంటివే. సజ్జ రొట్టెనో జొన్న రొట్టెనో చిదిమి, బెల్లం కలిపి, ముద్దలు కడితే, రొట్టె పలుకులు బెల్లంలో నానీ నానకుండా పంటికి తగులుతాయి. సర్వపిండిని ఈ వరుసలో పెట్టలేము గానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను: లోతైన గిన్నెకు బియ్యప్పిండి ముద్దను ఒత్తి, మూతపెట్టి కాల్చి, కింద కరకర, పైన మెత్తదనం ఒకే ముక్కలో సాధించే ఆ వంట, స్పర్శల మీద ఇంత పట్టు ఉన్న వంటగదికి మంచి ఉదాహరణ.

ఒకే పదార్థం ఒకచోట అసహ్యం, ఇంకోచోట ఆరాధన కావడానికి సగ్గుబియ్యాన్ని మించిన సాక్ష్యం లేదు. అసలు సాగో ఆగ్నేయాసియాలోని ఒక తాటిజాతి చెట్టు బోదె నుంచి తీసే పిండి. మనం వాడే సగ్గుబియ్యం మాత్రం బ్రెజిల్ నుంచి పోర్చుగీసుల ద్వారా వచ్చిన కర్రపెండలం పిండితో చేసినది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దిగుమతులు ఆగిపోయినప్పుడు తమిళనాడులోని సేలం ప్రాంతంలో దీని తయారీ వేళ్లూనుకుంది. తడి పిండిని గుడ్డ మీద ఊపి గుండ్లుగా చేసి, వేడి పెనం మీద వేయిస్తే పైపొర మాత్రం జిగురెక్కి గట్టిపడుతుంది. పాలల్లో ఉడికించినప్పుడు గుండు విచ్చిపోకుండా, లోపల కనిపించేంత తేటగా, కొరికితే జారేట్టుగా మారేది ఆ పొర వల్లనే. మన దగ్గర అది ఉపవాసాలకూ, పండుగ పాశానికీ, జ్వరం తగ్గిన పిల్లలకూ పెట్టే పవిత్రమైన, చలువైన తిండి. బ్రిటన్‌లో రెండు తరాల బడిపిల్లలు మధ్యాహ్న భోజనంలో పెట్టిన అదే పాయసాన్ని కప్పగుడ్లు అని పిలిచి పళ్లేలు పక్కకు తోశారు. యుద్ధం తర్వాతి కొరతలో, చల్లారిపోయి, రుచి లేకుండా, తినక తప్పని తిండిగా అది వాళ్ల ముందుకు వచ్చింది. 1980లలో తైవాన్‌లో అవే గుండ్లను పెద్దవిగా చేసి చల్లని టీలో వేస్తే ప్రపంచమంతటి యువత డబ్బు పెట్టి కొనుక్కుని నమలసాగింది. పదార్థం మారలేదు, అది ఎవరి చేతిలో, ఏ పరిస్థితిలో అందిందన్నదే మారింది.

జెలటిన్ కథ ఎండలతో ముడిపడినది. చర్మం, ఎముక, నరాల్లో ఉండే గట్టి మాంసకృత్తు నీటిలో చాలాసేపు ఉడికితే జెలటిన్‌గా కరుగుతుంది. ఇంగ్లండు వంటవాళ్లు దూడ కాళ్లను ఉడికించి, వడపోసి, చలికాలపు గదిలో పెట్టి గాజులా మెరిసే జెల్లీ తీసేవారు. మన పాయా షోర్వాలో ఉన్నది సరిగ్గా ఆ పదార్థమే. వేడిగా తాగుతాం కాబట్టి అది గడ్డకట్టదు, పెదవులకు అంటుకుని ఊరుకుంటుంది. జెలటిన్ జెల్లీ దాదాపు 30 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది, నోట్లో వేసుకోగానే కరిగే సుఖం దాని సొత్తు. మే నెలలో నలభై డిగ్రీలు దాటే నల్గొండలో ఫ్రిజ్ లేని ఇంట్లో అది గిన్నెలోనే నీరైపోతుంది. 1845లో అమెరికాలో పీటర్ కూపర్ జెలటిన్ పొడికి పేటెంటు తీసుకున్నా, 1897లో జెల్-ఓ అనే రంగుల పొడి వచ్చినా, అవి మన వంటింట్లో కాలు మోపలేకపోవడానికి ఎముకల పొడి అన్న పట్టింపు ఎంత కారణమో, ఎండ అంత కారణం.

ఆ చోటును ఇక్కడ చైనా గ్రాస్ ఆక్రమించింది. సముద్రపు నాచు నుంచి తీసే ఈ అగర్, మరిగే నీటికి దగ్గరి వేడిలో కరిగి, నలభై డిగ్రీల లోపు చల్లారితే గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక 85 డిగ్రీల దాకా కరగదు. ఈ గుణం వైద్య చరిత్రనే మలుపు తిప్పింది. 1881లో జర్మనీలో రాబర్ట్ కాక్ ప్రయోగశాలలో పనిచేసిన వాల్టర్ హెస్, సూక్ష్మజీవులను పెంచే జెలటిన్ పలకలు వేసవి వేడికి కరిగిపోతుంటే విసిగిపోయాడు. ఆయన భార్య ఫానీ హెస్ తాను పండ్ల జెల్లీలకూ పుడ్డింగులకూ వాడే అగర్‌ను ప్రయత్నించమని సూచించింది. జావాలో ఉండి వచ్చిన ఒక డచ్చి కుటుంబం నుంచి ఆమె ఆ సంగతి నేర్చుకుంది. క్షయ క్రిమి గురించి 1882లో కాక్ ప్రచురించిన వ్యాసంలో అగర్ ప్రస్తావన ఉంది, ఆమె పేరు లేదు. ఇవాళ ఏ జిల్లా ఆసుపత్రి ప్రయోగశాలలోనైనా రక్తాన్నీ మూత్రాన్నీ పరీక్షకు పెంచే పలకల మీద ఉన్నది ఒక గృహిణి వంటింటి జ్ఞానం. ఆమె పేరు వైద్య విద్యార్థులకు పాఠంగా చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను.

కస్టర్డ్ విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. అసలు కస్టర్డ్ గుడ్డు మాంసకృత్తులతో గట్టిపడే పాలు. 1837లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ బర్డ్, గుడ్డు పడని తన భార్య కోసం మొక్కజొన్న పిండితో దాని అనుకరణ తయారుచేశాడు. మన ఫంక్షన్ హాళ్లలో పండ్ల ముక్కలతో వడ్డించే పసుపు కస్టర్డ్ ఆ పొడితో చేసినదే కాబట్టి, స్పర్శ ప్రకారం అది గుడ్డు కస్టర్డ్‌కు కాక గంజికి దగ్గర. తాటిముంజకు మాత్రం ఏ పొడీ, ఏ పొయ్యీ అక్కరలేదు. గీత కార్మికులు దించే లేత కాయల్లో మొలకకు ఆహారంగా చెట్టు దాచుకున్న ద్రవం చక్కెర గొలుసుల వల్ల సహజంగానే జెల్లీ అవుతుంది; ముదిరేకొద్దీ అదే గొలుసులు బిగుసుకుని పన్ను దిగని టెంకగా మారతాయి. ముంజ తినడానికి ఉన్న కొద్ది రోజుల గడువు ఆ మార్పు వేగం వల్లనే.

పాతకాలపు పుడ్డింగుల్లో మనకూ యూరపు పల్లెలకూ అచ్చంగా ఉమ్మడి అయినది జున్ను. ఈనిన ఆవు, బర్రె మొదటి పిండుడులో వచ్చే పాలు మామూలు పాల వంటివి కావు. మామూలు ఆవు పాలలో వందకు మూడు వంతులకు కొంచెం పైగా ఉండే మాంసకృత్తులు జున్నుపాలలో పద్నాలుగు వంతుల దాకా ఉంటాయి, వాటిలో పెద్ద భాగం దూడకు రోగనిరోధక శక్తినిచ్చేవి. మామూలు పాలను ఎంత మరిగించినా విరగకుండా నిలబెట్టే మాంసకృత్తులు వేరు, వేడి తగలగానే విప్పుకుని ఒకదానినొకటి పట్టుకునేవి వేరు. జున్నుపాలలో రెండో రకం విపరీతంగా ఉండడం వల్ల, తోడు లేకుండా, గుడ్డు లేకుండా, పిండి లేకుండా, వేడి ఒక్కటే వాటిని గడ్డకట్టిస్తుంది. నేరుగా మంట మీద పెడితే ముక్కలై నీరు విడిపోతుంది కాబట్టి, మామూలు పాలు కలిపి పలుచన చేసి, బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికిస్తారు. మొదటి రోజు పాలకు మామూలు పాలు ఎక్కువ పడతాయి, మూడో రోజుకు పాలు కలపకుండానే జున్ను వదులుగా వస్తుంది. ఎన్ని పాలు కలపాలో వేలితో చిక్కదనం చూసి చెప్పగలిగినవారు ప్రతి వాడలో ఉండేవారు.

కర్ణాటకలో గిణ్ణు, మహారాష్ట్రలో ఖర్వస్ ఇదే. ఇంగ్లండు, ఐర్లండు పల్లెల్లో ఈ పాలతో పుడ్డింగు చేసేవారు, ఐస్‌లాండ్, స్వీడన్, ఫిన్లండ్‌లలో ఇప్పటికీ చేస్తారు. ఉత్తర ఇంగ్లండు రైతులు ఈ పాలను ఇరుగుపొరుగుకు పంచేవారు. పాలు పంపిన పాత్రను కడిగి తిరిగి ఇస్తే ఆవుకు కీడు జరుగుతుందని నమ్మి, కడగకుండానే ఇచ్చేవారు. మన పల్లెల్లోనూ జున్నుపాలు వాడకట్టులో పంచుకునేవే గానీ అమ్ముకునేవి కావు. నిలువ ఉండని, ఏడాదికొకసారి మాత్రమే వచ్చే, ఒక ఇంటికి మించిన వస్తువును ఇంతకంటే బాగా వాడుకునే మార్గం లేదు. ఒక మాట మాత్రం నొక్కి చెప్పాలి. దూడకు తల్లి గర్భంలో రోగనిరోధక శక్తి అందదు. పుట్టిన మొదటి గంటల్లో తాగిన జున్నుపాల నుంచే అది రావాలి, ఒక రోజు గడిస్తే దూడ పేగులు దాన్ని పీల్చుకునే శక్తి కోల్పోతాయి. దూడ కడుపు నిండాకనే మిగిలినవి ఇంట్లోకి రావాలని పాత రైతులు పెట్టుకున్న కట్టుబాటు పశువైద్యం చెప్పేదానితో పూర్తిగా సరిపోతుంది.

పాల కేంద్రాలు వచ్చాక జున్ను పరిస్థితి మారింది. మన దేశపు ఆహార ప్రమాణాల్లో పాలు అంటే జున్నుపాలు కలవనివి అనే నిర్వచనం ఉంది. వేడి చేసే యంత్రంలో గడ్డకడతాయి కాబట్టి డెయిరీలు వాటిని తీసుకోవు. అందువల్ల ప్యాకెట్ పాలతో పెరిగిన ఇంటికి జున్ను చేరే దారి మూసుకుపోయింది. ఆ లోటును పూరించడానికి పట్టణాల్లో జున్ను పేరుతో దొరికే వాటిలో కొన్ని గుడ్డుతో, కొన్ని చైనా గ్రాస్‌తో, కొన్ని పొడితో చేసినవి. వాటిని గుర్తుపట్టడం కష్టం కాదు. చైనా గ్రాస్ ముక్క కత్తికి అద్దంలా నున్నగా తెగి, నోట్లో కరగకుండా ముక్కలవుతుంది. గుడ్డుతో చేసినది మెత్తగా, ఒకే తీరుగా జారుతుంది, గుడ్డు వాసన యాలకుల కింద దాగదు. అసలు జున్ను చెంచా దించినచోట పలుకుగా విరుగుతుంది, లోపల సన్నని రంధ్రాలు కనిపిస్తాయి, విరిగిన అంచు నుంచి బెల్లం రంగు నీరు నెమ్మదిగా ఊరుతుంది.